మూడో చెవి

టటూరా రోడ్డు మీద పగలైతే
ఎదురొచ్చే ప్రతివాడూ
స్టీరింగు మీంచి ఒక వేలు లేపుతాడు.
ఇక్కడ పలకరింపంటే అంతే, ఒక వేలు.
రాత్రిపూట వేలు కనపడదు కాబట్టి
లైటు ఆర్పి వెలిగిస్తున్నారనుకున్నాను.
పాల ఫ్యాక్టరీ ల్యాబులో నైటు డ్యూటీకి పోతూ
రెండు వారాలు నేనూ ఆర్పి వెలిగించాను,
ఎంత మర్యాదస్తుల దేశమో అనుకుంటూ.

మూడోవారం ఒక పాల ట్యాంకరు
నన్ను దాటేదాకా హారను మీంచి చెయ్యి తియ్యలేదు.
ఆ మోతలో ఒక్క తెలుగు ముక్క లేదు.
మొత్తం అర్థమైంది.

తబస్సుమ్ వాకిట్లో నిలబడి చూసి
"నీ కారుకి కండ్లు నెత్తికెక్కినాయి మే" అంది.
రెండూ కాదు, కుడిది.
ఎడమది బుద్ధిగా రోడ్డు చూస్తోంది.
కుడిది యూకలిప్టస్ కొమ్మల్లో
పోసమ్‌లను లెక్కపెడుతోంది.

ఆదివారం చీకటి పడేదాకా ఆగాం.
గరాజు షట్టరు తెల్లది, నయం.
దానికెదురుగా ఎనిమిది మీటర్లు
తబస్సుమ్ అడుగులతోనే కొలిచింది.
చలికాలమంతా పియర్ తోటలో
కొమ్మలు కత్తిరించిన అడుగులు, తప్పు పోవు.
టైర్లలో గాలి చూశాం.
డిక్కీలో మర్చిపోయిన మూడు బియ్యం బస్తాలు,
మెల్‌బోర్న్ నుంచి అందరికీ అని తెచ్చి
ఎవరికీ ఇవ్వనివి, దించాం.
వెనక బరువుంటే ముక్కు పైకి లేస్తుందట.
వెలుగు ఒక జానెడు దిగింది.
సంబరపడ్డాం. చాల్లేదు.

దీపం నడిబొడ్డు నేల నుంచి ఎంత ఎత్తో
షట్టరు మీద అంతెత్తున నీలం టేపు అంటించాం.
ఎడమ వెలుగు టేపు కిందుగా
ముగ్గుకర్రతో లాగినట్టు గీత గీసింది.
కుడిదానికి గీతే లేదు.
ఒలికిన మజ్జిగలా షట్టరంతా పాకి
సగం పక్కింటివాళ్ళ ప్రహరీ మీదికి పోయింది.

బానెట్ లోపల తెల్ల ప్లాస్టిక్ మర.
తిప్పాను. దిగింది.
ఇంకో చుట్టు. ఇంకోటి. పక్కమర కూడా.
గంటసేపు
వెలుగు దిగుతుంది, జరుగుతుంది,
దిగినచోటా అదే మజ్జిగ.
ఎన్ని చుట్లు తిప్పానో లెక్కపెట్టలేదని
అప్పుడు గుర్తొచ్చి చెమట పట్టింది.
ల్యాబులో చుక్క చుక్కకీ లెక్క రాసే చేతులివి.

మెట్టు మీద కూర్చుని తబస్సుమ్
"ఎప్పట్నుంచి మే ఇట్లుండేది?" అంది.
జూన్ నుంచి.
"జూన్‌లో ఏం చేస్తివి దానికి?"

బల్బు మార్చాను.
సూపర్ మార్కెట్ కార్ పార్కులో, వానలో,
ఫోను పళ్ళతో కరిచి పట్టుకుని ఆ వెలుతురులో
ఎవరి సాయం లేకుండా నేనే మార్చానని
ఆ వారమంతా చెప్పుకు తిరిగాను.

"నాకు రెండుసార్లు చెప్తివి" అంది తను.

రబ్బరు టోపీ పీకి లోపల వేలు పెట్టి తడిమాను.
బల్బు మెడకి మూడు చెవులు.
రెండు వాటి గాడుల్లో కూర్చున్నాయి.
మూడోది అంచు మీద,
బంతిలో పీట దొరకని చుట్టంలా
నిలబడే ఉంది.
స్ప్రింగు తీగ దాన్ని అలాగే నొక్కిపట్టింది
మూడు నెలలు.

గాజుకి చెయ్యి తగలకుండా తీసి,
ఒక్క పిసరు తిప్పి పెట్టాను.
టిక్.
నా గొప్పలకన్నా చాలా చిన్న చప్పుడు.

షట్టరు మీద గీత వచ్చింది,
ఎక్కడో కింద, మోకాలి దగ్గర,
నా గంటసేపటి పుణ్యాన.
ఇక మర వెనక్కి.
తబస్సుమ్ ఉర్దూలో, నేను తెలుగులో
లెక్కపెట్టుకుంటూ పోయి
పదకొండు దగ్గర ఇద్దరం ఆగాం.

సోమవారం రాత్రి టటూరా రోడ్డు.
పోసమ్‌లు వాటి చీకట్లోకి అవి వెళ్ళిపోయాయి.
తారు మీద గతుకులు, తెల్లగీత,
ఇన్నాళ్ళూ నేను చూడకుండా తొక్కిన చిన్న వంతెన.
ఎదురుగా ట్యాంకరు వచ్చింది, దాటింది.
లైటు ఆర్పలేదు. హారను లేదు.
స్టీరింగు మీంచి
ఒక వేలు లేపాను.
వాడు చూసి ఉండడు.