మూడో రకం ఆస్తి

హల్ నగరంలో, వాన ఆగని ఒక మంగళవారం
జానిస్ బ్లెన్‌కిన్ మా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది.
చేపల దుకాణం ఏప్రన్ ఇంకా విప్పనే లేదు.
బిస్కట్ డబ్బాలోంచి నాన్న మరణపత్రం తీసింది,
ఉన్ని మేజోడులోంచి ఒక టాబ్లెట్.

"ఆస్తి వివరాలు?" అన్నాను, ఫారం అడుగుతుంది కాబట్టి.
"ఇల్లు అద్దెది. చేపల కత్తి నా దగ్గరే ఉంది.
మిగతాదంతా ఇందులో" అని
అద్దం మీద వేలితో కొట్టింది,
లోపల ఎవరో పడుకున్నట్టు.

ఇరవై రెండేళ్లుగా ఈ కుర్చీలో
లోకాన్ని రెండుగా చీల్చి రాస్తున్నాను.
చేత్తో పట్టుకోగలిగేది ఒక రకం,
దావా వేసి రాబట్టుకోగలిగేది ఇంకో రకం.
గోడగడియారం మొదటిది. బాకీ రెండోది.
పోయినవాళ్లంతా బుద్ధిగా ఆ రెండు గళ్లలో సర్దుకున్నారు.

ఈ మధ్యే పార్లమెంటులో ఒక చిన్న చట్టం చేశారు,
మా అత్తగారి ఉత్తరం కంటే పొట్టిది.
ఆ రెండిట్లోనూ ఇమడనంత మాత్రాన
ఒక వస్తువు ఆస్తి కాకుండా పోదట.
అంతే. మూడోదానికి పేరు కూడా పెట్టలేదు.

రోలాండ్ బ్లెన్‌కిన్,
ఐస్‌లాండ్ నీళ్లలో కాడ్ చేపల వెంట తిరిగి
పడవలు ఆగిపోయాక
కార్ పార్కులో ముప్పై ఏళ్లు టిక్కెట్లు చించినవాడు,
చివరి రోజుల్లో కొన్ని నాణేలు కొన్నాడు.
జేబులో బరువుండనివి,
కింద పడితే మోగనివి.

"అయితే అవి నావేనా?"
"కావచ్చు."
"తీసుకోగలనా?"

చట్టం వరమిచ్చింది కానీ
పాస్‌వర్డ్ పూజారి ఇంకా ఇవ్వలేదు.

పదిసార్లు తప్పితే శాశ్వతంగా మూసుకుపోతుందట.
ఎనిమిది అయిపోయాయి.
పడవ పేరు కొట్టింది, అమ్మ పుట్టినరోజు కొట్టింది,
తన పేరు కొట్టింది మూడోసారి.
అది కాదని తెలిసినప్పుడు
దుకాణం వెనక్కి వెళ్లి కాసేపు ఐసు పగలగొట్టిందట.

మాటల్లో మాటగా తన ఫ్లాటు సంగతీ వచ్చింది.
కారణం చెప్పకుండా పొమ్మనే కాగితం ఇక చెల్లదు కదా,
ఇంటివాడు ఇప్పుడు కారణం వెతుక్కుంటున్నాడట.
"ఇదివరకు ఆ శ్రమైనా ఉండేది కాదు పాపం" అని నవ్వింది.
నేనూ నవ్వాను. నాదీ అద్దిల్లే.

ఇంతలో టాబ్లెట్ బుర్రుమంది.
తాళం విప్పకుండానే అద్దం మీద ఒక వాక్యం:
*మధ్యాహ్నం మూడూ పద్నాలుగుకి పోటు.*

నెలకు మూడు పౌండ్లు, పోయిన మనిషి ఖాతాలోంచి.
సముద్రం మానేసిన నలభై ఏళ్ల తర్వాత కూడా
ఆటుపోట్ల వేళలు తెప్పించుకునేవాడు.
కార్ పార్కుకి పోటెందుకని ఎవరూ అడగలేదు.

నా పని నేను చేశాను.
ఇలాంటి చందాలు ఒక ఉత్తరంతో ఆపించవచ్చని,
చేరినంత సులువుగా బయటపడే దారి ఉండాలని
కొత్త నియమాలు కూడా వస్తున్నాయని,
కావాలంటే ఇప్పుడే రాసిస్తానని చెప్పాను.
పెన్ను మూత కూడా తీశాను.

ఆమె కిటికీలోంచి హంబర్ వైపు చూసింది.
ఇక్కణ్ణుంచి నది కనబడదు,
ఎదురుగా కార్పెట్ల గోదాము.

"ఈ నెలకి ఉండనివ్వండి."

టాబ్లెట్‌ని మళ్లీ మేజోడులోకి దూర్చింది,
మడమ దగ్గర కాస్త బిగుసుకుంటే
పిల్లాడి కాలికి తొడిగినట్టు మెల్లగా లాగింది.
"మిగతా రెండుసార్లు?" అన్నాను తలుపు దగ్గర.
"అవి దాచుకుంటాను" అంది.

ఫారంలో ఆస్తి గడి నింపాను.
విలువ గడి దగ్గర చాలాసేపు ఆగి
గడియారం చూశాను.
మూడూ పన్నెండు.