లోపలి మడత

జడ్చర్ల దాటినంక, హైవే పక్కన,
ఫ్యాక్టరీ అవుట్‌లెట్ అద్దాల మేడకు ఎదురుంగ
నా మిషను.
నీలి టార్పాలిను, ఒక స్టూలు, నాలుగు రంగుల దారాలు.
ప్యాంటు కింద మడిచి కుట్టేటందుకు నలభై,
జిప్పు మారిస్తె డెబ్బై.
బేరం చెయ్యకుండ్రి అంటె ఇనరు.
లోపల చేసిండ్రా బేరం?

లోపల ఎవ్వరు చెయ్యరు.
మూడు వేల అంకె మీద ఎర్ర గీత కొట్టి
కింద తొమ్మిదొందల తొంభై తొమ్మిది రాస్తె
గోడనే మనతోటి బేరమాడి ఓడిపోయినట్టు
సంచులు ఊపుకుంట బయటికొస్తరు.

ఆ మూడు వేలు పెట్టి ఆ అంగిని
ఎవరు కొన్నరు? ఏ ఊర్ల? ఏ దినం?
పదకొండేండ్ల సంది అడుగుతున్న.
బిల్లు కాడ కూసునే మణెమ్మ నవ్వుతది:
"మామా, అది కొట్టేసేటందుకే అచ్చేసిన అంకె."

మొన్న మిడ్జిల్ కెళ్ళి లింగమయ్య ఇంటిల్లిపాది దిగిండ్రు.
ఆటో పోను రాను ఆరొందలు.
ఐదుగురి బిర్యానీ ఏడొందల యాభై.
చిన్నోడు ఏడిస్తె ఐస్‌క్రీము, ఇంకోడు ఏడ్వకముందే ఇంకోటి.
పదిహేడొందలు ఆదా అయినయని
బిల్లు అడుగున ఉన్నదంట,
ఆ కాయితం నాకు చదివి వినిపించి
నలభైకి ముప్పై ఇస్తనన్నడు.
తీస్కున్న.
అంత సంబురం మీద లెక్క పెట్ట బుద్ధి కాలే.

నాకు లెక్కలు రావు గని కుట్లు వస్తయి.
తిరగేస్తె బట్ట ఉన్నదున్నట్టు చెప్తది.
అదే కంపెనీ పేరు, అదే బొమ్మ;
పట్నం షోరూముదైతె అంగుళానికి పద్నాలుగు కుట్లు,
ఇక్కడిదానికి తొమ్మిది.
వేరే గుండీ లేదు, కాలరుల అట్ట పలచన.
ఇది మిగిలిపోయిన సరుకు గాదు బిడ్డా,
మిగిలిపోయినట్టు కుట్టిన సరుకు.

మా నాయన పాలమూరు క్లాక్ టవర్ కాడ కుట్టెటోడు.
బడి పిల్లగాని నిక్కరుకు
రెండు వేళ్ళంత గుడ్డ లోపల మడిచి దాచెటోడు.
బడి తెరిచే ముంగట తల్లి తెచ్చేది,
కుట్టు ఇప్పి ఒక వేలంత వదిలెటోడు.
ఎండ సోకని రంగు బయటపడి
పాతదాని పక్కన గీత లెక్క కనబడేది.
పిల్లగాండ్లు ఆ గీత చూపెట్టి
"ఇగో, ఇంత పెరిగిన" అనెటోళ్ళు.

ఇప్పుడొచ్చి, "అన్నా, జర వదులు చెయ్యి" అంటరు.
ఏం వదలాలె?
లోపల గోరంత గుడ్డ లేదు.

అట్లని అంతా దగా అంటె నా నోరు పాడైతది.
పోలేపల్లి మందుల కంపెనీల నైట్ డ్యూటీ
చేసే సువర్ణ
ఏడొందలకు తీస్కున్న బూట్లు
మూడో వానకాలం గూడ తొడుగుతున్నది.
పన్నెండు గంటలు నిలబడే కాళ్ళు అవి.
వాటికి నేనేం వంక పెట్టను.

నేను గూడ ఒకటి కొన్న, ఎవ్వరికి చెప్పకుండ్రి.
మెట్ల కింద, లైటు పడని మూలకు
ఒక అట్ట డబ్బ ఉంటది.
దాని మీద కొట్టేసిన అంకె లేదు.
చేత్తోటి రాసుంటది:
డ్యామేజి, నూటయాభై, వాపసు లేదు.
తెల్ల అంగి. ఎడమ చెయ్యి కన్న
కుడి చెయ్యి అంగుళం పొడుగు.
తప్పు కండ్ల ముంగటనే ఉన్నది, దానికింత ధర.
ఆ మేడల నాతోటి
సక్కగ మాట్లాడింది అదొక్కటే.

రాత్రి మిషను మీద వేసిన.
ఎక్కువున్న అంగుళాన్ని కత్తిరించలే,
లోపలికి మడిచి కుట్టిన.
"అరవై దాటినంక చేతులు పెరుగుతయా?"
అని మా ఇంటామె.
ఉండనీ అన్న, దారం కొరుక్కుంట.