నాలుగు ఎనిమిదులు

కాజీపేట జంక్షన్, రెండో నంబరు ప్లాట్‌ఫారం.
పదిన్నర దాటింది.
నలభై ఒక్క బావుల నీటిమట్టం నా ఒళ్లో ఉంది:
రేగొండ, మొగుళ్ళపల్లి, చిట్యాల,
తాడు వదిలి, తడిసిన చోట వేలు పెట్టి
మీటర్లలో రాసుకున్న ఎండాకాలం.
పన్నెండులోపు పంపాలి.
పంపాల్సిన ఫోను మాత్రం
ముప్పై ఏడో బావిలోనే ఉండిపోయింది,
పద్నాలుగు మీటర్ల కింద,
బహుశా ఇంకా మోగుతూ.

స్టేషన్ వైఫై దొరికింది. గీతలన్నీ నిండుగా.
"కనెక్ట్ అయింది" అంటుంది ల్యాప్‌టాప్,
వెంటనే గొంతు తగ్గించి, "ఇంటర్నెట్ లేదు."
లాగిన్ పేజీ రావాలి కదా.
రాదు.
తెల్లటి తెర మీద చిన్న చక్రం
గానుగెద్దులా తిరుగుతుంది,
నూనె చుక్క లేదు.

నెట్‌వర్కును మరిచిపొమ్మన్నాను. మరిచిపోయింది.
మళ్ళీ కలిపాను. కొత్త మనిషిలా పలకరించింది,
మళ్ళీ అదే చక్రం.
బ్రౌజరు మార్చాను.
తాళం గుర్తు లేని పాత చిరునామా ఒకటి కొట్టాను,
అట్లాంటిదైతే దారి మళ్ళిస్తారని ఎవరో అనగా విన్న గుర్తు.
తేదీ చూశాను, సరిగ్గానే ఉంది.
గడియారం నాకంటే నిబ్బరంగా ఉంది.
మూసి తెరిచాను.
బ్యాటరీ ముప్పై ఒకటి.

బెంచీ అవతలి కొసన ఒక పెద్దాయన.
ఇన్నయ్య. ఫాతిమానగర్. సిగ్నల్ పనిలో రిటైరయ్యాడు,
ఇంట్లో నిశ్శబ్దానికి నిద్ర పట్టదట.
"ఏమైంది బిడ్డా, గంటసేపాయె
దాని మొఖంల మొఖం పెట్టినవ్?"
చెప్పాను.
"గవన్ని నాకు తెల్వయి" అని
వేరే ముచ్చట ఎత్తుకున్నాడు:
ఒంటిపట్టాల కాలం, వెదురు రింగు, తోలుసంచి,
సంచిలో ఇనుప బంతి, అదే టోకెన్.
"కొత్త డ్రైవరొకడు, జర పెద్దింటోడు.
ఈడ టోకెన్ తీస్కోడట,
సికింద్రాబాద్ల తెలిసినోళ్ళున్నరు, ఆళ్ళనడుగుతా అన్నడు.
అడుగు నాయ్నా అన్న.
సిగ్నలైతే పడలే.
యాడ నిలబడ్డవో ఆడనే అడగాలె గద."
తంబాకు నలుపుతూ ఆ సంగతి మరిచిపోయాడు.

నా వేళ్ళు ఆగాయి.
ఇది హన్మకొండ చౌరస్తాలో కొన్న సెకండ్ హ్యాండ్.
ముందటి మనిషి మూత మీద
చింపిన స్టిక్కరు మచ్చ వదిలి పోయాడు.
లోపల ఏం వదిలాడో నేనెన్నడూ చూడలేదు.
సెట్టింగుల్లోకి, ఇంకా లోపలికి,
పాతకాలపు బూడిదరంగు పెట్టెల వెనక
డీఎన్ఎస్ అనే గడిలో, పచ్చబొట్టులా:
ఎనిమిది చుక్క ఎనిమిది చుక్క
ఎనిమిది చుక్క ఎనిమిది.

అందుకా.
గుమ్మంలో కావలివాడు చేయి చాచి నిలబడితే
వాడి మొహం చూడకుండా
ఇది ఎక్కడో ఉన్న పెద్దమనిషిని కేకేస్తోంది.
గేటు మూసి ఉంది. కేక దాటదు.
ఇంట్లో ఏ గేటూ లేదు కనుక
ఇన్నాళ్ళూ నాకు తెలియనే లేదు.

నాలుగు ఎనిమిదులూ చెరిపేశాను.

పేజీ వచ్చింది!
నీలం రంగు, పక్కన ఏదో చీరల కొట్టు ప్రకటన,
అక్షరాలు ఒకదాని మీద ఒకటి.
అంత అందమైన పేజీ నేను చూడలేదు.
ఫోన్ నంబరు ఇవ్వండి, అంది,
ఓటీపీ పంపుతాం.

ఫోను బావిలో ఉంది.

సంగతి ఎక్కడానికి ఇన్నయ్యకు కాస్త సేపు పట్టింది.
తర్వాత నవ్వాడు, నవ్వి దగ్గాడు,
దగ్గి, చొక్కా జేబులోంచి
రబ్బరుబ్యాండు చుట్టిన బటన్ ఫోను తీశాడు.
కళ్ళద్దాలు తేలేదు.
చేయి చాచినంత దూరం చాచి, లైటు కిందికి వంచి,
బండి నంబరు అరిచినట్టు
"మూడు! సున్న! ఆగు...
ఇది ఆరా, తొమ్మిదా?"

బ్యాటరీ పదకొండు.
అంతలో బొగ్గు గూడ్సు వచ్చింది,
ఆయన పెదవులు కదులుతున్నాయి, ఏమీ వినబడదు.
ఆఖరి పెట్టె పోయేదాకా ఆగి,
దాని వెనక ఎర్రదీపం ఉందో లేదో అలవాటుగా చూసుకుని,
మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.