ఆరో వారం

మా వైపు మనుషుల్ని ఇంకా రాళ్ళతోనే తూస్తారు,
సంతలో ఉల్లిగడ్డల్లాగ.
పద్నాలుగు పౌండ్లు ఒక రాయి.
నర్సు గ్లెనిస్ చీటీ మీద రాసిచ్చింది:
పదమూడు రాళ్ళ పదకొండు.
"చక్కెర గుమ్మం దాకా వచ్చి నిలబడింది, డెలిత్,
లోపలికి రానివ్వకు" అంది.
ఆమె బల్ల మీద బిస్కెట్ల డబ్బాకి మూత లేదు.

టోనపాండిలో ఆ నెలంతా వాన.
కొండ దిగితే జిమ్ ఉంది, గాజు గోడలతో.
బడి క్యాంటీన్లో నా చేత్తో వడ్డించిన బంగాళాదుంపలు తిని
ఇంతింతైన పిల్లలు అక్కడ అద్దాల ముందు ఇనుము ఎత్తుతారు.
వాళ్ళ మధ్య వంగి
నా కాలివేళ్ళు నేను వెతుక్కోలేను.

అందుకని దానాల దుకాణం.
ముక్క తక్కువైన పజిళ్ళకీ, కప్పులు పోయిన సాసర్లకీ మధ్య
డిస్కుల బుట్ట.
ఒక పౌండిస్తే మూడు.
ఎన్ని పౌండ్లు పోతాయో అట్ట మీదే వేశారు.

మొదటిదాంట్లో కండల మనిషి, వెనక సముద్రం.
"నొప్పి నీ స్నేహితుడు" అని అరుస్తాడు.
ఇరవై ఏళ్ళుగా నా ఎడమ మోకాలితో కాపురం చేస్తున్నాను,
ఆ స్నేహం సంగతి వీడు నాకు చెప్పాలా?
గెంతమన్నాడు, గెంతాను.
అల్మరాలో అత్తగారి పింగాణీ గలగలమంది.
గోడ అవతల ముసలి ఇడ్వాల్ రేడియో తగ్గించి
చెవి ఒగ్గిన నిశ్శబ్దం.
పదకొండు నిమిషాలు, అంతే.

రెండోదాంట్లో ఒక పిల్ల. చెమట పట్టదు.
ఇస్త్రీ చేసిన పొట్ట.
"నిన్ను నువ్వు ప్రేమించుకో" అంది, తేనె కారుతూ.
ఉండు తల్లీ, ముందు నీకో శాండ్‌విచ్ చేసి పెడతాను,
అని టీవీ ఆపి
నాకు చేసుకున్నాను.

మూడోదాని అట్ట చిరిగింది.
బూడిద రంగు గది, ఆరుగురు ఆడవాళ్ళు,
ముందు సన్నటి టీచరమ్మ, ఊదా రంగు తలపట్టీ.
ఇదీ అంతేలెమ్మని పెట్టె మూయబోతే
లోపలి కాగితం వెనక పెన్సిల్ రాత:

ఒకటో వారం 14-2
రెండు 14-1
మూడు 14-1. గ్విలిమ్ పుట్టినరోజు, కేకు
నాలుగు 14-3. అడగొద్దు
ఐదు 13-13!!
ఆరు

ఆరు పక్కన తెల్లకాగితం.
ఆరంభ శూరత్వం అనబోయాను, నోరు రాలేదు.
ఐదు వారాలు ఆరంభం కాదు,
నాకు మూడో రోజే మునిగిపోయిన పడవలు బోలెడున్నాయి.
కాలు బెణికిందో,
ఎవరి మంచం పక్కనో కూర్చోవాల్సొచ్చిందో,
గ్విలిమ్‌కే ఏమైనా అయిందో,
ఊరికే విసుగు పుట్టిందో.
విసుగే అయితే బాగుండు.

కాగితం అడుగున, చీమల్లాంటి అక్షరాల్లో:
"ముందున్నావిడను చూడకు.
వెనక వరస, ఎడమ మూల, ఆకుపచ్చ చొక్కా."

సోఫాను గోడకు నెట్టాను.
కుక్కను వంటింట్లో వేశాను, తలుపు కింద దాని ముక్కు.
డిస్కు తిరిగింది.
ఆకుపచ్చ చొక్కా,
అందరూ కుడికి పోతుంటే ఎడమకు పోయి,
గుర్తొచ్చి వెనక్కి తిరిగేసరికి
వాళ్ళంతా ఎడమకు వచ్చేస్తున్నారు.
పంతొమ్మిదో నిమిషంలో
కెమెరా తన మీద లేదనుకుని
నడుం మీద చెయ్యేసి ఆగింది.
నేనూ ఆగాను.
అక్కడ ఆగిన మూడో మనిషి ఊపిరి కూడా
గదిలో ఎక్కడో వినిపించినట్టే ఉంది.

లేచాక చేతిసంచీ వెతికితే
క్యాంటీన్లో పాల లెక్కలు రాసే పెన్సిల్ దొరికింది.
చెమట చేత్తో, ఆరు పక్కన రాశాను:

13-11. చెయ్యి మారింది.