ఆంబోతుకైతే

ఇరవయ్యారేళ్లుగా నా పని ఆంబోతుల వీర్యం చూడటం.
ఫ్రీస్లాండ్‌లో, కాలవ పక్కన, రేకుల కప్పు కింద.
అచ్చోసి వదిలినవి కావు మావి,
చెవికి నంబరు కట్టి నిలబెట్టినవి.
గోరువెచ్చని గాజుగొట్టం వెలుతురుకెత్తి
ముందు రంగు చూస్తాను.
మీగడ రంగైతే సరే.
గులాబీ జీర ఒక్కటి కనబడిందా,
పుస్తకంలో రాసి, పశువుల డాక్టరుకి ఫోన్ చేస్తాను.
ఆంబోతు సిగ్గుపడదు.
పెళ్లానికి చెప్పనా మాననా అని దొర్లదు.

మార్చిలో ఒక రాత్రి దుప్పటి మీద తుప్పు మరక.
ఫ్రౌకియె నిద్రలో ఉంది.
స్నానాలగదిలో తువ్వాలు తడిపి, పిండి, మళ్లీ తడిపి
దొంగలా నిలబడ్డాను.
నొప్పి లేదు. మంట లేదు.
అదే ఎక్కువ భయం.

పదకొండు రోజులు నోరు మెదపలేదు.
పన్నెండో రాత్రి మళ్లీ, ఈసారి ఎర్రగా.
తెల్లారి బౌకె గొట్టంలో, మూడేళ్ల కోడె అది,
గులాబీ జీర!
నా చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోయింది.
అప్పుడొచ్చింది నవ్వు, ఏడుపుని వెంటబెట్టుకుని.
టన్ను బరువు పశువుకిచ్చే పాటి మర్యాద
నా ఒంటికి నేనివ్వలేదే!

డాక్టర్ హుక్‌స్ట్రా నా కూతురి ఈడు పిల్ల.
తడబడకుండా అడిగింది:
ఎన్నిసార్లు? మూత్రంలోనూ ఉందా? జ్వరం?
రక్తం పల్చబరిచే మాత్రలేమైనా?
ఆ రక్తం మీదేనా, మీ ఆవిడది కాదు కదా?
"పాతికేళ్ల కుర్రాడికి ఒక్కసారి కనబడితే
మూత్రం పరీక్ష చేసి, ధైర్యం చెప్పి పంపేదాన్ని.
చాలామందికి దానంతటదే ఆగిపోతుంది.
మీకు యాభైమూడు. రెండోసారి. చూడాల్సిందే."
బీపీ చూసింది. రక్తం తీసింది.
తర్వాత చేతికి తొడుగు వేసుకుంది.
గోడమీది తెరచాప పడవని లెక్కపెడుతూ పడుకున్నాను,
ఒకటే పడవ, పదిసార్లు.
మా కొట్టంలో వాళ్ల కష్టం ఇన్నాళ్లకి తెలిసింది.

ప్రోస్టేట్ వాచిందట. క్రిములు. నాలుగు వారాల మందు.
"కొన్నాళ్లు గోధుమరంగు కనబడొచ్చు, అది పాత రక్తం.
చలిజ్వరం వచ్చినా, మూత్రం బిగబట్టినా
తెల్లారేదాకా ఆగకండి."
వాపు తగ్గాక ఇంకో రక్తపరీక్ష ఉంది.
అందాకా ఏమీ అనలేం, అంది. అబద్ధం ఆడలేదు.

ఫ్రౌకియెకి ఆ సాయంత్రం చెప్పాను.
బంగాళాదుంపలు చెక్కుతున్న చెయ్యి ఆగలేదు.
"తువ్వాలు ఆరేసింది నేనేగా," అంది.
కాసేపటికి కత్తి పక్కన పెట్టింది.

బౌకె కూడా మందుమీదే ఉంది.
పొద్దున్నే దాని కటకటాల దగ్గర
మునుపటి కన్నా కాస్త ఎక్కువసేపు నిలబడుతున్నాను.