మస్టరు

మూడు లాంతర్ల నుంచి కోట వైపు దిగితే
సోడా బండి పక్కన ఆరడుగుల కొట్టు నాది.
పగిలిన అద్దాలు మారుస్తాను,
బావిలో పడ్డ ఫోన్లను బియ్యం డబ్బాలోంచి తీసి బతికిస్తాను.
కారు తెచ్చి నా గుమ్మంలో ఆపుతారని ఎప్పుడూ అనుకోలేదు.

లెంక నూకయ్య గారు.
జూట్ మిల్లులో ముప్పై మూడేళ్లు టైమ్‌కీపరు.
చెవి మీద ఇప్పటికీ ఎరుపూ నీలం పెన్సిలు.
విశాఖపట్నంలో ఎవరి దగ్గరో పాతది కొన్నాడు
కరెంటు బండి, చింతపండు రంగుది.

“నడుస్తాది పాపా, చార్జీ నిలుస్తాది,
మాటే పోనాది.
ఇదివరకు ఫోనులో ఏలెడితే సెప్పీది
ఎంత దూరం ఎల్తాదో, తలుపేసుందో లేదో.
కంపెనీవోళ్లనడిగితే కొత్తది కొనుక్కోమన్నారు.
సెవుడొచ్చిందని మనిషిని మార్సేత్తామేటి?”

చెవుడు బండికి కాదు.
దానికి తెలిసిన మూడో తరం సిగ్నలుని
టవర్ల మీంచి దించేశారు, అంతే.
అందరూ ఖాళీ చేసిన వీధిలో నిలబడి
ఇంటింటి పేరూ పిలుస్తున్నట్టు
నిమిషానికోసారి పిలుస్తూనే ఉంది.
ఆ పిలుపులకే చిన్న బ్యాటరీ
నెలకోసారి చచ్చేది.

డాష్‌బోర్డు విప్పితే
రెండు చింతగింజలు, ఒక తలపిన్ను,
వాటి వెనక నాలుగు మరల కింద నల్లపెట్టె.
మూతపడ్డ బట్టల కొట్టు స్వైపింగ్ మిషన్లోంచి
నాలుగో తరం మోడెం ఊడదీశాను,
గోరంత.
మూడు ముప్పావు చాలే గొంతులో
తొందరపడి అయిదు వోల్టులు పోశాను.
కొంచెం పొగ.
నూకయ్య గారు చూడనట్టు
సోడా తాగొస్తానని వెళ్లాడు.

రెండో మోడెం. నాలుగు రాత్రులు.
అది కబుర్లు పంపే చిరునామాకి
పూనాలో ఎప్పుడో తాళం పడిందట.
ఆ పేరు చెరిపి ఆయన నంబరు రాశాను,
పరీక్షకని పక్కనే నాదీ.

సాయంత్రం వాన మొదలైంది.
ఫోను ఒకసారి గునిసింది.
మళ్లీ.
ఆ తర్వాత ఆగలేదు.
పంపలేక దాచుకున్నవన్నీ, ఇన్నేళ్లవీ,
వరసలో నిలబడి వస్తున్నాయి.

ఎడమ వెనక తలుపు పడలేదు.
చార్జీ పదకొండు శాతం, నెల్లిమర్ల.
ఎడమ వెనక తలుపు పడలేదు.
టైరులో గాలి తక్కువ.
ఎడమ వెనక తలుపు పడలేదు.

“ఓలమ్మ, ఇన్నిసార్లు సెప్పిందా!”
కళ్లజోడు తుడుచుకుని
హాజరు పట్టీ చూసినట్టు కింది నుంచి పైకి చదివాడు.
పైకి వెళ్లేకొద్దీ తారీకులు
ఆయన కొనకముందువి.

మంగళవారం, నాలుగూ పది, చంపావతి వంతెన.
ఆగింది. నలభై నిమిషాలు. ఏసీ ఉంది.
ముందు ఎడమ సీటు బెల్టు పెట్టి ఉంది.
మంగళవారం, వంతెన. బెల్టు పెట్టి ఉంది.
మంగళవారం.
మంగళవారం, నాలుగూ పది, వంతెన,
నలభై నిమిషాలు.
బెల్టు లేదు.
ఆ తర్వాత ఏడు మంగళవారాలు
అదే చోటు, అంతసేపు, బెల్టు లేదు.

పెన్సిలు చెవి మీంచి చేతిలోకొచ్చింది.
గీయడానికి కాగితం లేదు.
“ఈ సీటోళ్లు ఆబ్సెంటు,” అన్నాడు.
కాసేపాగి,
“ఎర్రగా గీసేసి జీతం కోసీవోణ్ణి.
ఏటైనాదని ఒక్కుణ్ణీ అడగలేదు.”

పాతవి చెరిపెయ్యమంటారా అన్నాను.
జవాబు చెప్పకుండా
పద్దెనిమిది వందలకు పదిహేను వందలిచ్చి
మిగతాది ఆదివారం అన్నాడు.
ఆ తలపిన్ను అడిగి తీసుకున్నాడు.

రాత్రి తొమ్మిదింబావుకి షట్టరు దించుతుంటే
నా ఫోను గునిసింది.
నా నంబరు తీయడం మర్చిపోయాను.

ఎడమ వెనక తలుపు పడలేదు.

ఫోన్ చేశాను.
“ఎల్తన్నానమ్మా, ఎల్తన్నాను,” అంటున్నాడు,
వానలో చెప్పుల చప్పుడు,
తలుపు రెండుసార్లు కొట్టిన చప్పుడు,
“ఇప్పుడు సూడు, పడిందేటి?”