మచ్చు

మిర్చి యార్డులో ఎవరూ మాట మీద కొనరు.
టిక్కీ కుట్టు విప్పి, మోచేతి దాకా చెయ్యి దూర్చి
అడుగు నుంచి గుప్పెడు తీస్తారు.
ఒక కాయ విరిచి, గింజ రాల్చి,
తొడిమ దగ్గర వాసన చూసి
అప్పుడు గానీ రేటు ఎత్తరు.

నేనేమో
రంగు చూసి ఎక్కించుకున్నాను.

కొత్త వెర్షను. వచ్చి వారం కాలేదు.
బ్రాడీపేట గదిలో తన్మయి చూపించింది.
గాజు పలకల్లా తేలే కిటికీలు,
గుండ్రటి మూలలు, నీళ్లలో చేపలా కదిలే బాణం.
"నువ్వింకా ఆ ముసలిదాని మీదేనా కోడు రాసేది?"
సిగ్గేసింది.
రాత్రికి రాత్రి శేషగిరి గారి కొట్టు మిషను మీద కూడా
అదే దించేశాను.

మార్చి నెల, సోమవారం.
రెండు రోజుల సెలవు తర్వాత తెరిచిన యార్డు.
గేటు బయట కనుచూపు మేర లారీలు.
లోపల తుమ్ములే పలకరింపులు.
నూట పన్నెండో టిక్కీ కాటా ఎక్కింది.
తెర నీలమైంది.
అప్‌డేట్ జరుగుతోంది, ఆపివేయవద్దు.
ముప్పై ఏడు శాతం.

ముప్పై ఏడు.

ముప్పై ఏడే.

పెదనందిపాడు రైతు ఒకాయన
తెరనీ నన్నూ మార్చి మార్చి చూసి
"ఏందమ్మా, దానికీ ఇయ్యాలే తీరిందా?" అన్నాడు.
తిట్టినా బాగుండేది.

ముఠా మేస్త్రీ ఏసోబు నా వైపు చూడనైనా లేదు.
చెవి మీది సుద్దముక్క తీసి
కాటా ఎర్ర అంకెలు చూస్తూ
గోడ మీద రాసుకుంటూ పోయాడు.
నలభై రెండున్నర. నలభై ఒకటీ ముప్పావు.
ఐదు టిక్కీలకో అడ్డగీత.
పొద్దు వాలేదాకా ఆ గోడే మాకు సర్వరు.
రాత్రి దాన్ని చూసి లెక్క ఎక్కించాను.
కిలో తేడా లేదు.

శేషగిరి గారు ఆఖరి పట్టీ చించి రైతు చేతిలో పెట్టి
నాతో ఒక్క మాటే అన్నారు:
"అమ్మాయ్, గోడకి నెలకెంత ఇవ్వమంటావ్?"

గదికొచ్చి, అన్నం తినకుండా,
ఐదు పెన్‌డ్రైవులు చాప మీద వరసగా పెట్టాను.
ఏదీ ఎక్కించలేదు.
ఊరికే లేపి, తట్టి, అడుగు దాకా చెయ్యి దూర్చి చూశాను.

ఒకటి వైఫై ముఖమే చూడనంది.
ఒకటి మహా వేగం, కానీ తెలుగు రాదు.
కృష్ణార్జునరావు పేరులో వత్తు
కిందికి దిగనని పక్కనే నిలబడింది.
ఇంకొకటి రోజూ కొత్తదే,
నిద్ర లేచేసరికి వంటింట్లో పొయ్యి చోటు మారినట్టు.
డబ్బు అడిగిందీ ఒకటుంది. అడగడం తప్పు కాదు.
ఎప్పుడు పడుకోవాలో ఎప్పుడు లేవాలో
నాక్కూడా తనే చెబుతానంది.

చివరిది డెబియన్.
చూపుకి తాలుకాయ. వెలిసిన రంగు.
లోపల ప్రతి సామానూ నిరుటిదో ముందటేడుదో,
నా పైథాను కూడా ఒక మెట్టు కిందే.
సరే, విరిచాను.

రసీదుల ప్రింటరు అడక్కుండానే పలికింది.
బ్యాటరీ చచ్చిన నా పాత లాప్‌టాప్ మీద దించి
తెల్లారేదాకా దొంగ లెక్కలు తూయించాను, లక్ష టిక్కీలు.
మధ్యలో రెండుసార్లు ప్లగ్గు పీకాను.
లేచిన ప్రతిసారీ
ఆగిన అంకె దగ్గరే వచ్చి నిలబడింది,
ఏమీ జరగనట్టు.
గింజ రాలింది. ఘాటుంది.

తన్మయి దుప్పట్లోంచి తల పెట్టి
"ఛీ, ఇంత బోరుగా ఉందేంటే?" అంది.
ఔనన్నాను.
ఆ మాట నాకెందుకో ముద్దొచ్చింది.

రెండు సీజన్లు దాటాయి.
ఇప్పుడు ఆ మిషను నాకు గుర్తొచ్చేది నెలకోసారి,
డబ్బా విప్పి, ఫ్యాను రెక్కల మీది కారం బ్రష్షుతో దులిపి
వరసగా పది తుమ్ములు తుమ్మేటప్పుడు.

ఏసోబు మాత్రం
సుద్దముక్క చెవి మీంచి తియ్యలేదు.
నేనూ తియ్యమనలేదు.